రెండుసార్లు చెప్పే మైకక్క

బస్టాండులో పైన అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. పదిహేనేళ్ళుగా అదే పని. ఊరంతా ఆమె గొంతును ఎరుగును, ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. ఆ గొంతులో కోపం ఉండదు, నవ్వు ఉండదు, జలుబు చేసినా తేడా తెలియదు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి, చెప్పాక స్విచ్ ఆపెయ్యాలి. అక్కడితో పని అయిపోయినట్టే. పాపం, ఆ అలవాటు ఇంటిదాకా ఆమె వెంటపడి వచ్చింది. వంటింట్లోంచి "భోజనం సిద్ధంగా ఉంది, భోజనం సిద్ధంగా ఉంది" అని వినిపించగానే అత్తగారు విసుక్కునేది.

"ఒక్కసారి చెబితే చాలమ్మాయ్. నాకింకా చెవుడు రాలేదు."

అలాంటి మనిషి యూనివర్సిటీలో కొరియన్ చదవడానికి చేరిందంటే నవ్వరూ మరి? ఇంటిల్లిపాదీ నవ్వారు. కొరియన్ సీరియళ్ళ పిచ్చి పట్టిందా అన్నాడు భర్త. ఆమెకు సీరియల్ చూసే తీరిక ఎక్కడ ఏడ్చింది కనక! మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళే దారిలో, యూనివర్సిటీ గేటు మీద బోర్డు కనిపించింది. కొరియన్ భాష, భాషాశాస్త్రం, ఉద్యోగస్తులకు ఉదయం క్లాసులు. అందులో ఒక మూల "మాట్లాడండి, మాట్లాడించండి" అని ఉంది. ఆ మాట ఆమెను పట్టుకుంది. ఊరంతటితో ఇన్నేళ్ళు మాట్లాడింది, ఒక్కరంటే ఒక్కరు తిరిగి బదులు చెప్పలేదు. బదులు వచ్చే చోట కూర్చోవాలని ఆమెకు మహా ఆశగా ఉండేది. ఇది పైకి చెబితే మళ్ళీ నవ్వుతారని, ఊరికే చేరానంది.

మొదటి వారమంతా ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. భాషాశాస్త్రం చెప్పే సారు బోర్డు మీద నోరు బొమ్మ గీశాడు. 'క' పలికేటప్పుడు నాలుక లోపల ఎలా వంగుతుందో, కొరియన్ వాళ్ళ అక్షరం సరిగ్గా అలాగే ఉంటుందని చూపించాడు. నోటిని చూసి రాసిన అక్షరాలు! నోటిని నమ్ముకుని బతికే మనిషికి ఆ నోట్లో ఏం జరుగుతోందో అన్నాళ్ళూ తెలియనే లేదు. ఇంటికెళ్ళి అత్తగారిని నోరు తెరవమని, టార్చిలైటు వేసి మరీ చూసింది. ముసలావిడ తిడుతూనే నాలుగుసార్లు 'క' అంది. ఆ తర్వాత తనే టార్చి పుచ్చుకుని కోడలి నోట్లోకి తొంగిచూసింది.

కష్టమల్లా మాట్లాడేటప్పుడు వచ్చింది. కొరియా నుంచి వచ్చిన మేడమ్ ఒక్కొక్కరినీ పరిచయం చేసుకోమంది. మన మనిషి లేచి నిలబడి, బస్టాండులో పని చేస్తానని కొరియన్‌లో చక్కగా చెప్పింది. వెంటనే అదే మాట, అక్షరం పొల్లుపోకుండా, ఇంకోసారి చెప్పింది. చెప్పి, బల్ల మీద లేని స్విచ్‌ని వేలితో నొక్కి కూర్చుంది. క్లాసు గొల్లుమంది. వెనక బెంచీలో ఒక పందొమ్మిదేళ్ళ పిల్ల ఉంది, అందరూ పిడుగు అంటారు. ఆ పిల్ల అప్పటికప్పుడు ఆమెకు మైకక్క అని పేరు పెట్టేసింది. మేడమ్ కూడా తక్కువది కాదు, ఏడాది పొడుగునా ఆ ఇద్దరినీ జతగా చదువుకోమంది.

సంవత్సరం చివర మాట్లాడే పరీక్ష జతలుగానే రాయాలి, అంటే మాట్లాడాలి. ఇద్దరికీ ఒకే మార్కు. తప్పితే ఇద్దరికీ రెండో సంవత్సరం లేదు.

మైకక్క మాటలన్నీ నేర్చేసుకుంది. పలకడంలో వంక పెట్టడానికి లేదు. కానీ ల్యాబులో సారు ఇద్దరి గొంతులూ రికార్డు చేసి, వాటి హెచ్చుతగ్గులను తెర మీద గీతలుగా చూపించాడు. పిడుగు గొంతు గీత ఎగుడుదిగుడుగా గంతులు వేస్తోంది. మైకక్క గీత ఈ చివరి నుంచి ఆ చివరికి ఇస్త్రీ చేసిన చీర అంచులా ఉంది. మళ్ళీ అదే అంచు పక్కనే ఇంకోటి.

మేడమ్ నెమ్మదిగానే అంది, అయినా గుచ్చుకుంది.

"మీరు తప్పు మాట్లాడటం లేదు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. పరీక్షలో ఇలాగే చేస్తే నేను పాస్ చెయ్యలేను."

తనొక్కతే అయితే మైకక్క పోనీ అనుకునేది, ఆ పిల్ల కూడా మునుగుతుంది. పరీక్షకు ఇచ్చిన సందర్భం పళ్ళకొట్టు. మైకక్క అమ్మాలి, పిడుగు కొనాలి. భయంకొద్దీ మైకక్క తన మాటలతో పాటు పిడుగు మాటలూ కంఠతా పట్టింది. ఇద్దరూ క్యాంటీనులో, మెట్ల మీద, లైబ్రరీ బయట ఎన్నిసార్లు సాధన చేశారో లెక్కలేదు. ఒకరోజు పిడుగు విసిగిపోయింది.

"అక్కా, నువ్వు నా మాట వినట్లేదు. నేనెప్పుడు ఆపుతానా అని చూస్తున్నావంతే."

మైకక్కకు రోషం వచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది, ఎందుకంటే అది నిజం.

పరీక్ష రోజు బల్ల మీద ప్లాస్టిక్ పళ్ళబుట్ట పెట్టారు. ఒక పక్క మేడమ్, ఇంకో పక్క తెర ముందు సారు. మైకక్క రండి రండి అని మొదలుపెట్టింది. రండి రండి అని ఇంకోసారి అంది. వేలు స్విచ్ కోసం వెతికింది. మేడమ్ కలం కాగితం మీదికి వంగింది. ఇప్పుడు పిడుగు యాపిల్స్ ఎంత అని అడగాలి.

పిడుగు అడగలేదు. ఒక పండు తీసి, అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. ఈ పళ్ళు బాగోలేవంది. మొన్న ఇక్కడే కొంటే మా అమ్మ తిట్టిందంది. పక్క కొట్టుకే పోతానని నిజంగానే లేచి నిలబడింది.

మైకక్క కంఠతా పట్టినదంతా గాల్లో కలిసిపోయింది. ఆ వెంటనే ఎక్కడినుంచి వచ్చిందో కోపం తన్నుకొచ్చింది.

"ఎక్కడ బాగోలేదు? చూపించు!"

కొరియన్‌లోనే అంది. ఒక్కసారే అంది. అని, బదులు కోసం ఆ పిల్ల మొహంలోకి గుచ్చి గుచ్చి చూసింది. పిడుగు ఇక్కడ అంటే, అది నీ వేలి మరక అంది మైకక్క. మీ అమ్మను తీసుకురా, నేనే మాట్లాడతానంది. మాటల్లో తప్పులు దొర్లాయి. దొర్లితే దొర్లనీ, ఎవరు పట్టించుకున్నారు! సారు తెర మీద గీత కొండలెక్కి లోయల్లోకి దూకింది. మేడమ్ కలం పక్కన పడేసి, నాకు ద్రాక్షపళ్ళు కావాలంటూ తనూ బేరంలోకి దిగింది. మైకక్క ఆవిణ్ణి కాస్త ఆగమంది, ముందు ఈ పిల్ల సంగతి తేలాలంది. కేటాయించిన సమయం ఎప్పుడు దాటిపోయిందో ఎవరికీ తెలియలేదు.

"రెండో సంవత్సరంలో కలుద్దాం" అంది మేడమ్, కళ్ళు తుడుచుకునేంతగా నవ్వి.

వరండాలోకి రాగానే పిడుగు జబ్బ పట్టుకుని, కావాలనే అన్నావా అని నిలదీసింది మైకక్క.

"అనకపోతే ఇద్దరం మునిగేవాళ్ళం కదక్కా."

ఆ మధ్యాహ్నం డ్యూటీకి గాల్లో తేలుతూ వెళ్ళింది. అద్దంలోంచి చూస్తే కింద ఆకుపచ్చ సంచితో ఒక పెద్దాయన ఏ బస్సు ఎక్కాలో తెలియక అటూ ఇటూ తిరుగుతున్నాడు. అలాంటివాళ్ళను ఆమె రోజూ చూస్తుంది. రోజూ రాసి ఇచ్చిందే చదువుతుంది. ఈరోజు స్విచ్ వేసి, ఒక్కసారే అడిగింది.

"ఆకుపచ్చ సంచి పెద్దాయనా, మీరెక్కడికి వెళ్ళాలండీ?"

బస్టాండు మొత్తం తలెత్తి చూసింది. సూపర్‌వైజర్ తిడతాడన్న ఆలోచన వచ్చింది, వచ్చిన దారినే పోయింది. ఆమె వేలు స్విచ్ మీద లేదు. పెద్దాయన స్తంభానికి బిగించిన స్పీకరును ఎగాదిగా చూసి, సంచి కింద పెట్టి, రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టుకుని, పై గదిదాకా వినిపించేలా గట్టిగా అరిచాడు.

"మా అమ్మాయి వాళ్ళ ఊరికమ్మా!"

"ఆ ఊరి పేరేంటండీ?" అంది మైకక్క, మైకు చేత్తో పట్టుకునే కుర్చీలోంచి లేచి అద్దానికి ఆనుకుని.