వదిన చుట్టిపెట్టిన కట్టలు

మా ఎదురింటి వదిన పోయింది. రెండు వారాలు దాటినా ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆదివారం పొద్దున కుళాయి దగ్గర నా బిందె పక్కకు జరిపి తన బిందె పెట్టుకుంటూ, "పంతులమ్మకు ఇయ్యాల సెలవేనాయె, జరాగు" అని నవ్విన మనిషి. సోమవారం సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి వాళ్ల గుమ్మం ముందు జనం. ఎవరో ముసలివాళ్లు పోయుంటారనుకుని లోపలికి తొంగి చూశాను. చాప మీద వదిన. నలభై నిండాయో లేదో. కాళ్లకు పసుపు రాస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. "నిన్న బాగానే ఉంది కదా" అని కనబడినవాళ్లనల్లా అడుగుతూ తిరిగాను.

కామెర్లన్నారు. కామెర్లు ఒక్క పూటలో మనిషిని మింగేస్తాయా?

ఈ మరాఠీ ఊళ్లో తెలుగువాళ్ల పేట నీలం నగర్. మా వరుసలో మగవాళ్లు పవర్‌లూమ్ షెడ్లకు పోతే ఆడవాళ్లు వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. నేను తెలుగు బడిలో పాఠాలు చెబుతాను. సెలవు రోజుల్లో మా అత్తగారి చాటకు ఒక చెయ్యి వేస్తాను. ఆ గుంపుకు వదినే పెద్ద. ఎంత మాట్లాడినా చేతులు ఆగేవి కావు. బీడీ తల మడిచి బొటనవేలి గోటితో గట్టిగా నొక్కేది. ఆ గోటి గుర్తు చూస్తే అది వదిన చేతిదని చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్లు.

ఆమెకు ఇంకో విద్య ఉంది. పొగాకు వాసనకు ముఖం తిప్పుకున్న ఆడదాన్ని ఇట్టే పట్టేసేది. "ఏందే, తంబాకు పడ్తలేదా? ఎన్నో నెల?" అనేది. అవతలి మనిషి సిగ్గుపడి నవ్వితే మర్నాడు చింతకాయలు తెచ్చిచ్చేది. తల దించుకుంటే మాత్రం మాట మార్చేసి, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు చూసి వాళ్లింటికి పోయేది.

నన్నూ అలాగే పట్టుకుంది. అప్పటికి నాకు రెండు కాన్పులూ కడుపు కోసి తీసినవే. రెండోవాడు ఇంకా నిలబడటం కూడా నేర్వలేదు. దేవుడిచ్చినది కాదనకూడదని మా అత్తగారు. అమ్మ మాటే తన మాటని మా ఆయన. వదిన వచ్చి పీట మీద కూర్చుని, "దేవుడిస్తడు, సరే. మోసేది నువ్వు గద. నీకు కావాల్నా, వద్దా?" అంది. అంత సూటిగా నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. వద్దన్నాను. ఆ మాట పైకి అన్నాకే నాకు కన్నీళ్లు వచ్చాయి. మర్నాడు తనే సర్కారు దవాఖానాకు తీసుకుపోయింది. బస్సులో నా చెయ్యి పట్టుకుని, "కాయిదా ఎప్పుడో వచ్చింది పిల్లా, మన కాళ్లే లేస్తలెవ్వు" అంది. కడుపు తీయించుకోవడానికి ఒప్పుకునే చట్టాన్ని ఆమె కాయిదా అనేది. అక్కడి సిస్టర్ ఆమెను చూడగానే మరాఠీలో, ఇవాళ ఎవరిని తెచ్చావే అని పలకరించింది. ఎన్నిసార్లు వచ్చిందో మరి.

అలా వెళ్లిన మనిషి చాట ఆ రోజు ఖాళీగా ఉండకూడదు. ఇది వదిన పెట్టిన ఆచారం. మిగిలినవాళ్లంతా తలా రెండు కట్టలు చుట్టి ఆ చాటలో వేయాలి. ఇంట్లోవాళ్లు అడిగితే బజారుకు పోయిందని చెప్పాలి. పొద్దు వాలేసరికి చాట నిండుగా బీడీ కంపెనీ బ్రాంచికి పోయేది, పని ఆగలేదు గనక ఎవరూ నిలదీసేవారు కాదు. నేను వెళ్లిన రోజు మా అత్తగారి చాటలో వేశారట. ఆమె మూతి ముడుచుకుని అటు తిరిగి కూర్చుందే గాని వద్దనలేదు.

అందరూ ఒప్పుకున్నారని కాదు. మూలింటి ముసలమ్మ, "కడుపుల పానం తీసుడు పాపం" అని ముఖం మీదే అనేది. వదిన కోపం తెచ్చుకునేది కాదు. "పాపమే కావచ్చు పెద్దమ్మా. మా అక్క ఊళ్లె పుల్ల వెట్టించుకొని సచ్చింది. ఆ పాపం ఎవలది?" అనేది. దొంగచాటుగా కడుపు తీయడానికి పుల్ల పెట్టే ఆడవాళ్ల మాటెత్తితేనే పక్కకు ఉమ్మేసేది. అట్లాగని ఎవరు పిలిచినా పోయే మనిషీ కాదు. ఒకామె పరీక్ష చేయించుకుని, ఆడపిల్లని తేలాక తోడు రమ్మంది. "పిల్లలు వద్దంటే వస్త. ఆడిపిల్ల వద్దంటే రాను" అంది వదిన. మూడోది కూడా ఆడపిల్లయితే ఆమెను అత్తింటివాళ్లు బతకనివ్వరు కదా అని నేను వాదించాను. వినలేదు. మహా మొండి. ఆ తగువు మా మధ్య తేలనే లేదు, ఇక తేలదు.

పదకొండో రోజు ఆడవాళ్లమంతా వాళ్ల వాకిట్లో కూర్చున్నాం. కామెర్లకు ఏ ఊళ్లో నాటుమందు మంచిదో మాట్లాడుకుంటున్నారు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన వదిన కూతురు, ఏడో నెల కడుపుతో గోడకు ఆనుకుని కూర్చుంది.

"కామెర్లు కాదు," అంది.

గుమ్మంలోంచి వాళ్ల నాన్న, "ఊకో బిడ్డా" అన్నాడు.

"ఊకోను బాపూ. మా అమ్మ పుల్ల వెట్టించుకొని సచ్చింది."

నా చెవులను నేను నమ్మలేదు. వదినా? పుల్లా? ఆ పిల్ల ఇంకెవరి గురించో చెబుతోందనిపించింది. నెలసరి ఆగితే వదిన, ముట్లుడిగే వయసు వచ్చిందనుకుందట. అనుమానం వచ్చేసరికి కూతురు ఇంట్లో ఉంది. "బిడ్డ కడుపుతోని ఉండంగ తల్లి కడుపుతోని తిరిగితే నలుగురు నవ్వరా అన్నది. దవాఖానాకు పోదామమ్మా అన్న. ఆడ అందరికి నేను ఎరికే, శరమైతది అన్నది. సోమారం పొద్దుగాల బజారుకు పోతున్న అని పోయింది. ఆటోల తెచ్చి ఇంటి ముందల దింపి పోయిన్రు. మళ్ల దవాఖానాకు తీస్కపోయేటాల్లకు అయిపోయింది."

ఆ మధ్య వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బీడీలు చుడుతుంటే ఏమైందని అడిగాం, పడిశమంది. నమ్మాం. అందరి ముఖాలూ చదివిన మనిషి ముఖాన్ని చదివేవాళ్లు ఎవరున్నారు? ఆ సోమవారం ఆమె చాట నిండుగానే ఉందని కూతురు చెప్పింది. ఎవరినీ అడగకుండా, ముందే తన పని తనే చుట్టేసుకుని పోయింది. నాకు వదిన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఇంకా పోలేదు. వాళ్ల అక్కను తిన్న పుల్ల దగ్గరికే వదినను నడిపించిన ఆ సిగ్గు మీద అంతకంటే ఎక్కువ కోపం. దానికి మందిచ్చే దవాఖానా ఎక్కడుందో నాకు తెలియదు. ఈ నాలుగు ముక్కలు దాచకుండా రాయమన్నది ఆ కూతురే.

ఆ రోజు మాలో మూలింటి ముసలమ్మ కోడలు కూడా ఉంది. నలుగురు పిల్లల తల్లి. కడుపు తీయించుకోవడానికి వదిన తోడుతో, వదిన పోయిన వారం గురువారమే దవాఖానాకు పోవలసిన మనిషి. జనం లేచాక ఆమె నెమ్మదిగా, "నేను పోనక్కా. భయమైతంది" అంది నాతో. వదిన కూతురు విని, లోపలికి పోయి ఒక రేకు డబ్బా తెచ్చింది. అందులో రెండు కట్టలు, విడిగా గుడ్డలో చుట్టి ఉన్నాయి.

"ఇవి నీయి. గురువారానికని మా అమ్మ ముందే చుట్టిపెట్టింది. రేపు నీతోని నేనొస్త."

బీడీల తలల మీద ఆ గోటి గుర్తు.

మర్నాడు నేను బడికి సెలవు పెట్టాను. ఇద్దరూ బయలుదేరుతుంటే అలవాటుగా, "అడిగితే బజారుకని చెప్పాలా?" అన్నాను. వదిన కూతురు చెప్పులు వేసుకుంటూ, "దవాఖానాకు పోయిన్రని చెప్పుండ్రి" అంది. తల్లి సంచి భుజానికి వేసుకుని, బరువుగా అక్కల్‌కోట్ రోడ్డు వైపు నడిచింది.

ఆ కోడలి చాట మా మధ్యన పెట్టుకున్నాం. అడుగున వదిన కట్టలు, పైన మావి. కాసేపటికి మూలింటి ముసలమ్మ వచ్చి నిలబడింది.

"నా కోడలేది?"

అందరూ చేతుల్లోని ఆకుల వంక చూశారు. "దవాఖానాకు పోయింది" అన్నాను నేను.

ముసలమ్మ వంగి, ఆ చాట అడుగు నుంచి ఒక కట్ట తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆ గోటి గుర్తు చూసింది. దాన్ని తీసిన చోటే పెట్టింది. తర్వాత మా పక్కన చతికిలబడి ఒక ఆకు అందుకుంది. దాంట్లో పొగాకు సర్ది, చుట్టిన మొదటి బీడీని కోడలి చాటలో వేసింది.