ఆరని ఇంజిన్, నిద్రపోని అవ్వ

మా ఊళ్ళో బల్బారా తన పాత జీపును అల్లుడని పిలిచేది. కన్నకూతురి మొగుడు యాకూత్స్క్ పట్నంలో బుద్ధిగానే ఉన్నాడు గానీ, అత్తగారి మర్యాదలన్నీ ఈ ఇనప అల్లుడికే దక్కేవి. రాత్రి బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి మోసుకొచ్చి పొయ్యి పక్కన పెట్టేది. తెల్లారగానే ఇనప తట్టలో నిప్పులు తీసుకెళ్ళి ఇంజిన్ కిందికి తోసేది. గడ్డకట్టిన నూనె కరిగేదాకా మంచులో గొంతుక్కూర్చుని తిట్టేది.

"లేవయ్యా అల్లుడుగారూ. కాపడం అయింది, దుప్పటి కప్పడం అయింది. పలహారం కూడా పక్కమీదికే తెమ్మంటావా?"

జీపు ఖళ్ళుఖళ్ళున దగ్గి లేచేది. రాత్రంతా ఒకే చోట నిలబడ్డ చక్రాలు అడుగున చదునై, వీధి మలుపు దాకా దడదడలాడేవి. బల్బారా బడిలో వంట చేసేది కాబట్టి, ఆ చప్పుడు వింటే పిల్లలకు బడి గంట విన్నట్టే. ఒకసారి లేచిన ఇంజిన్‌ను సాయంత్రం దాకా ఆర్పేది కాదు. చలికాలంలో మా ఊళ్ళో ఎవరూ ఆర్పరు. ఆర్పితే నిప్పుల తట్ట పని మళ్ళీ మొదటికొస్తుంది.

పాత కంబళ్ళు కత్తిరించి బళ్ళ ముక్కులకు దుప్పట్లు కుట్టడం కూడా ఆమె పనే. ఊళ్ళో సగం బళ్ళు ఆమె కుట్టిన ఎర్ర అంచు దుప్పట్లతోనే తిరిగేవి.

జనవరిలో ఒక మధ్యాహ్నం బల్బారా ఉల్లిపాయల అట్టపెట్టె చంకన పెట్టుకుని దుకాణం బయటికొచ్చింది. చిమ్నీల పొగా బళ్ళ పొగా కలిసి గాలిలోనే గడ్డకట్టి, చాచిన చెయ్యి కనపడటం లేదు. ఎర్ర అంచు దుప్పటి కనిపించగానే తలుపు తీసి ఎక్కి, బండి కదిలించింది. మలుపు తిరుగుతుంటే చేతికి మెత్తగా ఏదో తగిలింది. స్టీరింగుకు జింకతోలు తొడుగు. తన జీపుకు అంత సోకు లేదు. గబుక్కున బ్రేకు తొక్కబోయింది.

"ఆపకే. చల్లారిపోద్ది" అంది వెనక సీట్లో తోళ్ళ గుట్ట.

గుట్టలోంచి మోత్రియోనా అవ్వ ముఖం బయటికొచ్చింది. మా ఊరి ఒహొనోన్ తల్లి. ఆస్పత్రిలో చెవులు చూపించి తీసుకొస్తూ, కొడుకు ఆమెను జీపులో ఉంచి దుకాణంలోకి వెళ్ళాడు.

"నువ్వెక్కడ ఊడిపడ్డావే అవ్వా?"

"ఊడిపడింది నువ్వు. ఇది మావాడి జీపు."

"నేనెక్కగానే చెప్పొచ్చుగా."

"చెప్తే దిగిపోయేదానివి."

అవ్వకు లేనా నది అవతల తెక్లా అనే స్నేహితురాలుంది. పడుచుతనంలో ఇద్దరూ ఒకే డెయిరీలో పాలు పితికారు. నది గడ్డకట్టి దారి పడినప్పటి నుంచి, తెక్లా దగ్గరికి తీసుకెళ్ళమని అవ్వ పోరుతూనే ఉంది. ఈ చలిలో ఇంజిన్ నది దాటదమ్మా అని ఒహొనోన్‌ది ఒకటే పాట.

"చేపల వేటకైతే దాటుద్ది" అంది అవ్వ. "తల్లినెక్కిస్తేనే దానికి చలేస్తుంది."

బల్బారా పక్కకు తిరిగి నవ్వు దాచుకుంది. తర్వాత బండి పక్కన నిలిపి, ఇంజిన్ ఆర్పకుండా దిగి, ముందుకు వెళ్ళి చూసింది. రేడియేటర్‌కు గాలి తగలకుండా అడ్డంగా అట్టముక్క కూడా లేదు. ఉల్లిపాయలు అవ్వ ఒళ్ళో కుమ్మరించి, పెట్టె చింపి రేడియేటర్ ముందు దోపింది. దుప్పటి అంచులు బిగించి కట్టింది. పెట్రోలు ముల్లు చూసింది. అప్పుడు ఫోను తీసింది.

"ఒరే ఒహొనోన్, మీ అమ్మ నా దగ్గరుంది."

"అక్కా, నా జీపేదీ? దుకాణం ముందు నీ డొక్కొకటే గురకపెడుతోంది."

"నీ జీపు నది దాటదన్నావంట. నిజమో కాదో చూసొస్తాం. నువ్వు నా అల్లుణ్ణి వేసుకుని రా. దార్లో ఆపావో, నీ ఖర్మ."

"అమ్మకివ్వు ఫోను."

"నాకు వినపడదని చెప్పవే" అంది అవ్వ గట్టిగా. ఆ మాట ఒహొనోన్‌కు శుభ్రంగా వినపడింది.

నది మీద గాలి కోసేస్తోంది. జీపు మాత్రం బుద్ధిగా నడిచింది. దారి పొడుగునా అవ్వ కొడుకు చిన్నప్పటి వేషాలు చెప్తూనే ఉంది. అవతలి గట్టెక్కి తెక్లా ఇంటి ముందు ఆగగానే, తెక్లా కర్ర కూడా మరిచి గుమ్మంలోకి వచ్చేసింది. ఇద్దరు ముసలమ్మలూ మా వైపు పలకరింపుగా ఒకరి బుగ్గ ఒకరు వాసన చూసుకుని, నువ్వు ముసలిదానివైపోయావంటే నువ్వైపోయావని పోట్లాట మొదలుపెట్టారు.

కాసేపటికి ఒహొనోన్ దిగాడు. కనుబొమల మీద మంచు, నోట్లో తిట్లు. ఎవరూ పట్టించుకోలేదు. తెక్లా అతని ముందు ఉడికించిన గుర్రపు మాంసం పెట్టింది. నోరు నిండాక తిట్లు తగ్గాయి.

"పదమ్మా, వెళ్దాం" అన్నాడు చివరికి.

"ఆదివారం దాకా రాను" అంది అవ్వ. ఈసారి చెవులు బాగానే పనిచేశాయి.

తల్లిని వదిలి వెళ్తే ఊళ్ళో పరువు పోతుంది. అందుకని ఒహొనోన్ కూడా ఉండిపోయాడు. చీకట్లో ఒంటరిగా నది దాటడమెందుకని బల్బారా కూడా ఆ రాత్రికి ఆగింది. ఆ సాయంత్రం రెండు ఇంజిన్లూ ఆర్పక తప్పలేదు. బ్యాటరీలు ఇంట్లోకి తెచ్చేసరికి, పొయ్యి పక్క చోటును తెక్లా లేగదూడ ఆక్రమించి ఉంది. దాన్ని లేపలేక రెండు బ్యాటరీలనూ ఒహొనోన్ పక్కలో పెట్టారు.

పొద్దున్నే అతని చేతికి నిప్పుల తట్ట ఇచ్చి బయటికి పంపారు. అతను మంచులో బోర్లా పడి, రెండు బళ్ళ కిందా నిప్పులు తోస్తున్నాడు. లోపల ముగ్గురు ఆడవాళ్ళూ కిటికీ అద్దం మీది మంచు గోకి, పాలు పోసిన టీ తాగుతూ చూస్తున్నారు.

"కొంచెం ఎడమకి తొయ్యరా" అంది బల్బారా అద్దం కొట్టి.

"వాడికి వినపడదే" అంది తెక్లా.

"మా వంశంలోనే ఉందది" అంది మోత్రియోనా అవ్వ, ఇంకో కప్పు టీ పోసుకుంటూ.