మాస్టరు అడిగిన మాట

ఆ వీధిలో ఆయన్ని అందరూ మాస్టరు అనేవారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు బడిపంతులనుకుని, సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతారా అని అడిగేవారు. తనకు వచ్చిన లెక్కలన్నీ పిండిలోనే ఉన్నాయని ఆయన నవ్వేవాడు. బేకరీలో పిండి పాళ్లు చూసి, బట్టీ దగ్గర నిలబడి కాల్పించేవాణ్ని మాస్టరంటారు. తెల్లవారకముందే పనికి వెళ్లి మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరేవాడు. స్నానం చేసినా చెవుల వెనక మైదా తెల్లగా మిగిలిపోయేది.

పెళ్లయిన చాలా ఏళ్లకు వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. మొదటి నెల హాయిగా గడిచింది. ఆ తర్వాత పిల్ల పాలు తాగిన కాసేపటికే కక్కడం మొదలుపెట్టింది. కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, మొహం కందగడ్డలా చేసుకుని, ఎత్తుకున్నా దింపినా ఏడ్చేది. బుగ్గల మీద, మోచేతుల మడతల్లో ఎర్రటి పొక్కులు లేచాయి. ఒకరోజు పిల్ల గుడ్డ మార్చబోయిన తల్లి, మలంలో జిగురుతో పాటు నెత్తుటి చారలు చూసింది.

పిల్లల డాక్టరమ్మ ఓపికగా చూసింది. కొందరు పసివాళ్ల పేగులకు ఆవుపాలలోని మాంసకృత్తులు పడవనీ, తల్లి తిన్నది ఆమె పాలలోంచి పిల్లకు చేరుతుందనీ చెప్పింది. గేదెపాలు, మేకపాలు వాడవచ్చా అని వెంట వచ్చిన మాస్టరు తల్లి అడిగితే అవీ పనికిరావంది. తల్లి కొన్ని వారాలు పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, పాలు కలిసిన ప్రతి వస్తువూ మానేయాలి. పిల్లకు పాలివ్వడం మాత్రం ఆపకూడదు.

“అది నేను చూసుకుంటానండీ. ఇంట్లోకి సరుకులు తెచ్చేది నేనే కదా” అన్నాడు మాస్టరు.

ఆయన భార్య డాక్టరమ్మ మాట తు.చ. తప్పకుండా పాటించింది. పెరుగు లేనిదే అన్నం తిన్నట్టుండని మనిషి, ఆ గిన్నె వంక చూడడం కూడా మానేసింది. పాలు లేని టీ తాగింది. తిండి సహించక మెడ కింద ఎముకలు తేలాయి. చూస్తూ ఉండలేక మాస్టరు రోజూ పని నుంచి వస్తూ వేడివేడి రస్కులు కాగితంలో చుట్టి తెచ్చేవాడు. కడుపు మాడ్చుకుంటే పిల్లకు పాలెక్కడి నుంచి వస్తాయని బతిమాలేవాడు. పిల్ల ఒళ్లో ఉండి ఆమెకు చేతులు ఖాళీ లేనప్పుడు, తానే ఒక్కో రస్కు విరిచి, టీలో ముంచి నోటికి అందించేవాడు. ఆమె నములుతూ, పిల్ల తలమీద పొడి రాలకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. అన్నీ బాగున్నట్టు అనిపించేది ఆ కాసేపే.

వారాలు గడిచినా పిల్లకు తగ్గలేదు. రెండిళ్ల అవతల ఉండే మాస్టరు అక్కకు ఈ ఇంటి వంటింట్లోకి రావడానికి వేళాపాళా ఉండేది కాదు. ఒకనాడు ఆవిడ తమ్ముణ్ని పక్కకు పిలిచి, పెరుగు గిన్నెలో గరిటె తడిగా ఉందనీ, తాను ఎవరినీ ఏమీ అనడం లేదనీ చెప్పి వెళ్లిపోయింది. ఆ మాట ఆయన చెవిలో చీమలా దూరింది. మర్నాడు పిల్ల గుడ్డమీద మళ్లీ నెత్తురు కనిపించింది.

ఆయన భార్య పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు. “నిజం చెప్పు. నోరు కట్టుకోలేక ఎప్పుడైనా కాస్త పెరుగు గానీ వేసుకున్నావా? నేనేమీ అనను.”

ఆమె ఆయన మొహంలోకి చూసింది. “లేదండీ” అంది.

“మరి పిల్లకెందుకు తగ్గడం లేదు?”

అరవకుండా అడిగినందుకు ఆ రోజు మాస్టరు తనను తాను మంచివాడనుకున్నాడు. ఆ మెత్తదనం వెనక తీర్పు ముందే అయిపోయిందని ఆయనకు చాలా కాలానికి గానీ తెలియలేదు.

ఆ పూట నుంచి ఆమె వంటింటి గడపలో, అందరికీ కంచం కనబడేలా కూర్చుని తినడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు, ఆయన పనిలో ఉండగా పిల్లను ఎత్తుకుని ఒక్కతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఎక్కడో పాలు కలుస్తున్నాయి, వెతుకుదాం, పాలివ్వడం మానొద్దు అని ఆవిడ ఎంత చెప్పినా వినలేదు. ఇంకా వెతికించుకునే ఓపిక తనకు లేదంది. చివరికి ఆవిడ ఇలాంటి పిల్లలకోసమే చేసిన పాలడబ్బా రాసిచ్చింది. అందులో ఆ మాంసకృత్తుల్ని ముక్కలుముక్కలుగా విడగొట్టి ఉంచుతారట. దాని చేదుకూ వాసనకూ పిల్ల మొదట మొహం తిప్పుకున్నా, ఆకలికి తాగింది. మెల్లగా నెత్తురు ఆగింది, పొక్కులు మానాయి, ఒళ్లు పట్టింది. అక్క ‘చూశావా’ అన్నట్టు తల ఊపింది. మాస్టరూ లోలోపల అదే అనుకున్నాడు. బయటికి అననందుకు భార్యకు ఏదో ఉపకారం చేసినట్టు కూడా అనుకున్నాడు. ఆమె మాత్రం రొమ్ములు గడ్డకట్టి, జ్వరం వచ్చి, తడిసిన జాకెట్టుతో గోడవైపు తిరిగి పడుకునేది. కొన్నాళ్లకు పాలు ఇంకిపోయాయి.

పిల్లకు ఘనాహారం మొదలుపెట్టే ముందు ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్లారు. బిస్కెట్లు, బ్రెడ్డు లాంటివి పెట్టేముందు దేంతో చేశారో అడిగి తెలుసుకోమంది డాక్టరమ్మ.

“అడగక్కర్లేదండీ. చేసేది నేనే” అన్నాడు మాస్టరు కాస్త గర్వంగా.

ఆవిడ నవ్వి, అయితే రస్కులో ఏమేం వేస్తారో చెప్పమంది. ఆయన పాఠం అప్పజెప్పినట్టు అందుకున్నాడు. “మైదా, చక్కెర, ఈస్టు, డాల్డా, ఉప్పు, పౌడరు.”

“ఏం పౌడరు?”

బేకరీలో దాన్ని ఉత్త పౌడరనే అంటారు. మైదా బస్తాల పక్కనే దాని బస్తా ఉంటుంది. అది పొంగదు, మీగడ కట్టదు, విరగదు. ఇన్నేళ్లుగా గరిటెలతో ఎత్తి పోస్తున్నా, ఆయన మనసులో అదెప్పుడూ పాలు కాలేదు.

“పాలపౌడరు” అన్నాడు.

పక్కన భార్య పిల్లకు టోపీ పెడుతోంది. ఆమె వేళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ దారం ముడివేశాయి.

బస్సుకోసం నిలబడ్డప్పుడు ఆయన, “నన్ను తిట్టు” అన్నాడు.

ఆమె రోడ్డు వంక చూస్తూ చెప్పింది. “మీరడిగిన రోజు నుంచి నన్ను నేనే అనుమానించుకున్నానండీ. నిద్రమత్తులో ఎప్పుడైనా తిన్నానేమో అనుకున్నాను. గిన్నె మూత తీస్తున్నట్టు కలలొచ్చేవి.”

బస్సు వచ్చింది. ఆమె పిల్లను భుజాన వేసుకుని ముందు ఎక్కింది.

ఇంటికి వెళ్లి ఆయన తల్లికీ అక్కకూ జరిగింది చెప్పాడు. తెచ్చింది తానే, పెట్టింది తానే అని నిలబడి చెప్పాడు. “పోనీలేరా, పిల్ల బాగుంది కదా” అంది తల్లి. గరిటె తడిగా ఉందని తప్ప తానేమన్నానంది అక్క. ఇద్దరిలో ఒక్కరూ గదిలోకి వెళ్లి ఆమెతో ఒక్క మాట అనలేదు. ప్రయత్నిస్తే మళ్లీ పాలు పడవచ్చని వచ్చేముందు డాక్టరమ్మ అన్న సంగతి ఆయన ఆ రాత్రి గుర్తుచేశాడు. ఆమె వద్దంది.

పిల్లకు మూడో ఏడు దాటాక ఆసుపత్రిలోనే కొంచెంకొంచెంగా ఆవుపాలు పట్టి చూశారు. ఏమీ కాలేదు. ఇప్పుడది గ్లాసు ఎత్తి గటగటా తాగి, మూతిమీద తెల్లటి మీసంతో వీధంతా తిరుగుతుంది. ఆ రోజుల సంగతి దానికేం తెలుసు.

తర్వాత కొడుకు పుట్టాడు. ఆమె వాణ్ని రొమ్ముకు తీసుకోలేదు. డాక్టరమ్మ సలహా అడిగి, మొదటి రోజు నుంచీ డబ్బాపాలే పట్టింది. కన్నతల్లి పాలుండగా ఇదేం చోద్యమని మాస్టరు తల్లి సణిగితే, ఆయన గట్టిగా నోరు మూయించాడు. భార్య పాలకు భయపడలేదని ఆయనకు తెలుసు. అత్త, ఆడపడుచు, వాళ్ల వెనక భర్త, అందరూ తన కంచం వంక చూసే రోజు మళ్లీ రాకూడదనుకుందామె.

పని నుంచి రాగానే పిల్లవాణ్ని ఆయనే ఒళ్లో వేసుకుని సీసా పట్టేవాడు. చూడవచ్చిన ఆడవాళ్లు, ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడని ఆమెతో అనేవారు. ఆమె అవునని నవ్వి లోపలికి వెళ్లేది. మాస్టరు సీసాలో అడుగున పాలు మిగిలాయేమోనని వెలుగుకు ఎత్తి చూస్తూ ఉండిపోయేవాడు.