టీచరమ్మ డబ్బు బాగోగులు

టీచరమ్మకు ఉన్న పిచ్చి ఒక్కటే. బ్యాంకులో వేసిన డబ్బు ఎలా ఉందో కళ్లారా చూసుకోవాలి. పాస్‌బుక్కులో అంకె చూపిస్తే ఒప్పుకోదు. "ఇది డబ్బు పేరు. డబ్బేదీ?" అంటుంది.

ఆ బ్రాంచిలో కొత్తగా చేరిన రికవరీ ఆఫీసరుకు మొదటి వారంలోనే ప్యూన్ ఈ కథంతా చెప్పాడు. ప్రతి సోమవారం తలుపు తీయగానే లోపలికొచ్చే మొదటి మనిషి ఆవిడేనట. వేసింది ఒకే ఒక్క డిపాజిట్టు, అదీ రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ము. దాని కోసం ఆవిడ పెట్టిన పోరు భరించలేక ముగ్గురు మేనేజర్లు బదిలీ చేయించుకున్నారట. ప్యూన్ మాటల్లో సగం తీసేసినా ఒకటిన్నర మేనేజరు మిగులుతాడని ఆఫీసరు లెక్కేసుకున్నాడు.

ఇప్పటి మేనేజరు మొదట్లో శాస్త్రం చెప్పి చూశాడు.

"టీచర్ గారూ, పూర్వం జనం బంగారాన్ని కంసాలి దగ్గర దాచుకునేవారండీ. ఆయన చీటీ రాసిచ్చేవాడు. అందరూ ఒకే రోజు వచ్చి అడగరు గదా అని, ఆ బంగారాన్నే ఇంకొకరికి అప్పిచ్చేవాడు. బ్యాంకు అనేది అలా మొదలైంది."

"అంటే మొదటి రోజు నుంచీ చెప్పకుండానే ఇస్తున్నారన్నమాట."

"చెప్పకుండా అని కాదండీ..."

"చెప్పారా?"

"లేదండీ."

"మరి నా డబ్బు ఎవరికిచ్చారో చెప్పండి."

వెనక క్యూ వీధిలోకి పెరిగిపోతోంది. మేనేజరు తల పట్టుకుని, బల్ల మీద ఏ ఫైలు కనిపిస్తే ఆ ఫైలు చూసి, "మలుపులో బేకరీ ఆయన పొయ్యికి ఇచ్చామండీ" అన్నాడు. ఆవిడ ఆ ముక్క కాగితం మీద రాయించుకుని, కింద బ్యాంకు ముద్ర కొట్టించుకుని, నేరుగా బేకరీకి నడిచింది.

"నా పొయ్యి ఎలా ఉంది నాయనా?"

ఎవరో తనిఖీకొచ్చిన అధికారి అనుకుని బేకరీ ఆయన చేతులు కట్టుకు నుంచున్నాడు. పొయ్యి తలుపు సరిగ్గా పడటం లేదనీ, వేడంతా వీధిపాలవుతోందనీ ఆవిడ అరగంట మందలించింది. తలుపు బిగించాక ఆ నెల గ్యాసు ఖర్చు తగ్గింది. ఆవిడెవరో ఆయనకు అర్థం కాలేదు గానీ, ఖర్చు మాత్రం తగ్గింది.

మరుసటి సోమవారం ఆవిడ మళ్లీ వచ్చేసరికి మేనేజరు హడలిపోయి, "ఇప్పుడు సెలూన్ కుర్చీలో ఉందండీ" అనేశాడు. ఆవిడ సెలూన్‌కు వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది.

"ఇక్కడ ఆడవాళ్లకు చేయమమ్మా" అన్నాడు సెలూన్ ఆయన.

"కటింగుకు రాలేదయ్యా. ఇది నా కుర్చీ. కిర్రుమంటోంది, నూనె వెయ్యి."

ఆపై వారం సామాన్ల వ్యాను. "నా డబ్బును ఇలా ఎండలో నిలబెడతావా?" అని డ్రైవరుకు చీవాట్లు పడ్డాయి. అప్పటి నుంచి అతను ఆవిడ గొడుగు కనిపిస్తే చాలు, బండిని నీడలోకి తోసేవాడు. ఆ తర్వాత సోమవారం ఆవిడ డబ్బు టైలరమ్మ కుట్టుమిషన్‌లోకి చేరింది. అన్నింటికీ కాగితాలున్నాయి, ముద్రలున్నాయి.

ఇలా ఉండగా, ఇంకా కట్టని ఫ్యాక్టరీని చూపించి బ్యాంకు దగ్గర కొండంత అప్పు తీసుకున్న ఓ పెద్దమనిషి విమానమెక్కాడు. ఆయన్ను వెతకడానికి కమిటీ వేశారు. కమిటీకి టీ, బిస్కెట్లు ఏర్పాటు చేశారు. ఆయన తవ్విన గొయ్యి పూడ్చడానికి మాత్రం బ్రాంచీలకు ఉత్తర్వులొచ్చాయి. మూడు వాయిదాలు తప్పిన చిన్న అప్పులన్నీ నెలాఖరుకు వసూలు కావాలి, లేకపోతే సామాను స్వాధీనం చేసుకోవాలి. పారిపోయినవాడికి వకీళ్లు దొరికారు, ఊళ్లో ఉన్నవాళ్లకు రికవరీ ఆఫీసరు దొరికాడు.

జాబితాలో మొదటి పేరు టైలరమ్మది. యూనిఫాంలు కుట్టించుకున్న స్కూలువాళ్లు ఆమెకు నాలుగు నెలలుగా బిల్లివ్వలేదు. ఆఫీసరు ఇద్దరు కూలీలనూ ఒక తాడునూ వెంటేసుకుని వెళ్లేసరికి, ఆ ఒంటిగది ఇంట్లో కిటికీ పక్కన మిషన్, నేలంతా గుడ్డముక్కలు, స్టూలు మీద టీచరమ్మ.

మెడలో టేపుతో టైలరమ్మ మిషన్‌కు అడ్డంగా నిలబడింది. "ఇది పట్టుకుపోతే నేను దేనిమీద కుట్టాలి సార్? కుట్టకపోతే మీకెలా కట్టాలి?"

ఆఫీసరు ఉత్తర్వు తీసి చూపించాడు. కూలీలకు సైగ చేశాడు.

"బాబూ, నా మిషన్ ఎక్కడికి తీసుకెళ్తున్నావు?" అంది టీచరమ్మ.

"మీది కాదమ్మా, బ్యాంకుది."

"బ్యాంకులో ఉన్నది ఎవరిది?"

ఈ ప్రశ్న ట్రైనింగులో రాలేదు. ఆవిడ సంచీలోంచి కాగితాలు తీసి చూపించింది. ఆఫీసరు వాటిని రెండుసార్లు చదివి, బయటికెళ్లి మేనేజరుకు ఫోన్ చేశాడు.

"సార్, మిషన్‌లో ఉన్నది టీచరమ్మ డబ్బేనని మీరే రాసిచ్చారట."

"రాశానోయ్."

"పొయ్యీ, కుర్చీ, వ్యానూ కూడా రాశారు. ఆవిడ వేసింది ఒక్క డిపాజిట్టు. నాలుగుచోట్ల ఎలా ఉంటుంది సార్?"

"ఎందుకుండదోయ్? ఒకరు వేసింది ఇంకొకరికి అప్పుగా వెళ్తుంది. వాడు ఖర్చుపెడితే ఆ డబ్బు వేరేవాళ్ల డిపాజిట్టుగా తిరిగొస్తుంది. మళ్లీ అప్పుగా వెళ్తుంది. బ్యాంకంటేనే అది."

"అయితే మీరు ఆవిడకు అబద్ధం చెప్పలేదా?"

"చెప్పాననే అనుకున్నాను," అన్నాడు మేనేజరు నీరసంగా. "ఇప్పుడు నువ్వడిగాక అనుమానంగా ఉంది."

ఆఫీసరు బుర్ర గిర్రున తిరుగుతుండగా వ్యాను వచ్చి గుమ్మం ముందు ఆగింది. డ్రైవరుతో పాటు బేకరీ ఆయన, సెలూన్ ఆయన దిగారు. బేకరీ పనివాళ్లకు పన్నెండు ఆప్రాన్లు కావాలట. సెలూన్‌లో మెడకు కట్టే గుడ్డలు రెండు డజన్లు. వ్యానుకు సీటు కవర్లు. టైలరమ్మకు బ్యాంకు నోటీసొచ్చిందని తెలిసి, ఇవాళే అడ్వాన్సివ్వకపోతే ఊరుకోనని టీచరమ్మ ముగ్గురికీ నిన్న గట్టిగా చెప్పిందట. టైలరమ్మ ఆ డబ్బు చేత్తో అందుకుని, లెక్కపెట్టి, అదే చేత్తో ఆఫీసరుకిచ్చింది. మూడు వాయిదాలకు సరిపోయింది. ఆఫీసరు రసీదు రాసి, తాడు చుట్టుకోమని కూలీలను పంపేశాడు.

తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మా, మేనేజరు గారు మిమ్మల్ని వదిలించుకోవడానికి నోటికొచ్చింది చెప్పారు. మీకు తెలియలేదా?"

"ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను బాబూ. రెండో సోమవారమే తెలిసింది."

"మరి ఎందుకు తిరిగారు?"

"అప్పిచ్చిన రోజు ఫొటో దిగడానికి వస్తారు. సామాను పట్టుకుపోయే రోజు తాడుతో వస్తారు. మధ్యలో ఎలా ఉన్నావని అడగడానికి ఒకరైనా వెళ్లాలి గదా. ఊరికే వెళ్తే ఎందుకొచ్చావంటారు. నా డబ్బు చూసుకోవడానికొచ్చానంటే కుర్చీ వేస్తారు."

ఆఫీసరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"అవునూ, నీకు జీతం బ్యాంకే ఇస్తుందా?"

"అవునమ్మా."

"ఎక్కణ్నుంచి తెచ్చి?"

"అంటే... వడ్డీల్లోంచి... ఆ వడ్డీలు..." ఆఫీసరు ఆగిపోయాడు. చివరకు ఎక్కడ తేలతాడో అతనికే కనిపిస్తోంది.

టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని అతన్ని పైనుంచి కిందిదాకా తనిఖీ చేసింది. "కాలరు చిరిగింది. మొహం పీక్కుపోయింది. పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా?"

"లేదమ్మా."

"నా డబ్బును ఉంచే తీరు ఇదేనా? ఆ చొక్కా ఇలా ఇవ్వు."

కాసేపటికి రికవరీ ఆఫీసరు బనీనుతో స్టూలు మీద కూర్చుని, బేకరీ ఆయన వ్యానులోంచి తెచ్చిన బన్ను తింటున్నాడు. మిషన్ అతని కాలరు కుడుతోంది. ఆ గదిలో ఎవరు ఎవరికి బాకీయో ఎంత ఆలోచించినా తేలలేదు. కుట్టుకూలి ఎంతని అడిగితే టైలరమ్మ టీచరమ్మ వైపు చూసింది.

"వచ్చేవారం తీసుకుందువులే," అంది టీచరమ్మ. "నేను ఎలాగూ బ్యాంకుకు వెళ్తాగా, ఇతను ఎలా ఉన్నాడో చూడ్డానికి."