పురుగు నడిచిన దారి

మా జేజినాయన వాళ్ల నాయన రాసిన పశువుల వైద్యం ఒక తాటాకుల కట్టగా మా ఇంట్లో మిగిలింది. జేజినాయన పోయాక దాన్ని చదివే నాథుడు లేడు. ఏటా ఆయుధపూజకు మా అమ్మ మాత్రం కట్ట విప్పి, ఒక్కో ఆకుకూ పసుపు, నిమ్మగడ్డి నూనె పట్టించి మళ్లీ కట్టేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. చదవని పుస్తకానికి ఇన్ని సేవలెందుకని ఎగతాళి చేసేదాన్ని. ఎమ్మే చదువుతున్న పొగరు నాది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, తిరుపతిలో ఒక ఆఫీసువాళ్లు ఇలాంటి కట్టలను ఫొటోలు తీసి కంప్యూటర్లో దాస్తున్నారని తెలిసింది. సత్యవేడు నుంచి బస్సులో అమ్మ దాన్ని ఒళ్లోనే పెట్టుకుని వచ్చింది. ఆఫీసులో నేనే ఆత్రంగా తాడు లాగాను. చివికిన తాడు పుటుక్కున తెగి ఆకులన్నీ నేలపాలయ్యాయి. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

ఆకుల వరస అంకెలున్న అంచులను ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. నాలుగైదు ఆకుల మీదే అంకెలు మిగిలాయి. అక్కడి పెద్దాయనకు పాత రాత చదవడం వచ్చు గానీ, ఒక ఆకు చివర జబ్బు పేరుంటే దాని మందు మరో ఆకులో మొదలవుతోంది. కడుపుబ్బరం మందు గాలికుంటుకు అతికితే గొడ్డు చస్తుంది. వరస తేలకపోతే తీసుకోలేమని ఆయన మర్యాదగానే చెప్పారు. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ నన్ను తిట్టలేదు. నేల మీద కూర్చుని ఒక్కో ఆకూ వెలుతురుకు పెట్టి చూస్తూ పేర్చసాగింది. ఎట్లా తెలుస్తోందని పెద్దాయన అడిగారు.

"పురుగు తొలిచిన బెజ్జాలు సూడండి సామీ. అది ఎంత వంకరగా పోయినా ఈ ఆకులోంచి పక్క ఆకులోకే గదా పోవాల. దాని దారెంబడే నేనూ పోతా ఉండా."

మధ్యాహ్నానికి కట్ట కుదిరింది. ఎలుకలు వదిలిన ఆ నాలుగైదు అంకెలూ ఎక్కడ రావాలో అక్కడే వచ్చాయి. పెద్దాయన లేచి తన కుర్చీ అమ్మకిచ్చారు. నాకు సిగ్గేసింది, అంతకు పదింతలు గర్వం కలిగింది.

ఫొటోలు తీసేటప్పుడు ఆకులు ముడుచుకుపోతుంటే అమ్మే బొటనవేలితో అదిమి పట్టింది. కొన్నేళ్లకు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ప్రతి ఫొటోలోనూ పసుపు ఇంకిన వేలొకటి పడిందట, అంచు కత్తిరించమంటారా అని అడిగారు.

"ఉండనీండి సార్," అన్నాను. "ఆ వేలు లేకపోతే ఆ పుస్తకానికి వరసే లేదు."