డోర్ హ్యాండిల్ జీతం

పన్నెండేళ్లుగా అమెరికాలోని ట్రాయ్ అనే ఊళ్లో కార్ల డోర్ హ్యాండిళ్లు డిజైన్ చేస్తున్నాను. నా బావమరిది ఫిజిక్స్ చదివి నక్షత్రాల మీద పరిశోధన చేస్తాడు. వాడి జీతం నా జీతంలో సగం. కాలేజీలో ఏం చదవాలో తేల్చుకోలేని మా అమ్మాయికి ఆ తేడా తెలియాలని వాణ్ణి భోజనానికి పిలిచాను. బిర్యానీ అయ్యేదాకా ఇంజనీరింగ్ గొప్పతనమే చెప్పాను. అమ్మాయి ఫోన్ మీంచి తలెత్తలేదు.

వాడు బయల్దేరబోతే కారు తలుపు తెరుచుకోలేదు. అది నేను డిజైన్ చేసిన హ్యాండిలే, మంచుకి బిగుసుకుపోయింది.

"బావా, ఇది మీరు చేసిందే కదా," అన్నాడు వినయంగా. ఆ వినయానికే నాకు ఒళ్లు మండింది.

హెయిర్ డ్రయర్ తెచ్చి తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. నీళ్లు గడ్డకడితే ఎందుకు ఉబ్బుతాయో వాడు చెబుతుంటే, అమ్మాయి ఫోన్ జేబులో పెట్టేసి వింది. తర్వాత నావైపు చూసింది.

"డాడీ, ఇందుకేనా నీకు డబుల్ శాలరీ?"