కత్తి చేతిలో ఉండగా జలుబు

మా ఆయన మెలకువ రాగానే వీధిలో ఉండే మనిషి. ఇప్పుడు కాళ్లు కిందపెట్టి, మంచం అంచున కాసేపు కూర్చుంటారు. రాత్రి అన్నం తిన్నాక వేసుకునే మాత్ర వల్ల గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయని డాక్టరమ్మ చెప్పింది. ఆయన నిలదొక్కుకునేదాకా నేను భుజం వదలను.

ఆయనకు వీధి చివర సెలూన్ ఉంది. వయసుతో ప్రోస్టేటు పెరిగి, మూత్రం సన్నధారైపోయి, మాటిమాటికీ పరుగెత్తేవారు. నురగ మొహంతో కూర్చున్నవాళ్లకు నవ్వులాట.

"ఏం బాబాయ్, సగం గడ్డం ఇవాళ, సగం రేపా?"

"సగం గీస్తే మీ ఆవిడ సగమే గుర్తుపడుతుంది. కదలకుండా కూర్చోరా!"

ఆ మధ్య జలుబు పట్టుకుంది. కత్తి ఒకరి గొంతు మీద ఉండగా తుమ్మితే ఇంకేమైనా ఉందా! మందుల షాపులో తుమ్ములు ఆగే మాత్ర కొనుక్కుని మింగారు. తుమ్ములు ఆగాయి. సాయంత్రానికి మూత్రమూ ఆగిపోయింది. పొట్ట రాయిలా బిగిసి, గోడ పట్టుకుని మెలికలు తిరిగిపోయారు. ఆసుపత్రిలో మూత్రం పోవడానికి గొట్టం వేశాకే ఊపిరి పీల్చుకున్నారు.

"జలుబు మాత్రలు అడక్కుండా వేసుకోవద్దు పెద్దాయనా. దారి వదులయ్యే మందు రాస్తున్నాను. కొన్నాళ్లు వాడాక గొట్టం తీసి చూద్దాం. దానంతటదే వస్తే సరే. లేకపోతే ఆపరేషన్ మాట ఆలోచించాలి," అంది డాక్టరమ్మ.

"అక్కా, వచ్చి టీ తాగుతా" అని ఈ ఏడే మా తమ్ముడు ఆపరేషన్ గదిలోకి వెళ్లాడు. మరి రాలేదు.

గొట్టం తీసిన రోజు ఆసుపత్రి బాత్రూమ్ తలుపు బయట నిలబడ్డాను. తోడొచ్చిన మా మరిది నీళ్ల సీసా పట్టుకుని, "ఇంకోటి పట్టించనా వదినా? నిండితే అదే తోసుకొస్తుంది," అన్నాడు.

"ఊరుకో నాయనా. ఒక్కసారిగా నింపొద్దని నర్సమ్మ చెప్పలేదూ?"

లోపల చప్పుడు లేదు.

"వచ్చిందా?"

"నువ్వలా తలుపుకు అతుక్కుపోతే ఏం వస్తుందే!"

పక్కకు జరిగాను. నాలుగు చుక్కలు పడ్డట్టు వినిపించి ఆగిపోయింది. నర్సమ్మ కొత్త గొట్టం బల్ల మీద పెట్టింది. నేను అటు చూడలేదు. కళ్లు మూసుకుంటే తమ్ముడి మొహమే. అప్పుడు వచ్చింది ధార, సన్నగా, ఆగి ఆగి.

స్కాన్ తీసి, లోపల మిగిలింది కొంచెమే అన్నారు. మాత్ర మానొద్దని, వారం రోజులు ఇంట్లోనే ఉండి మళ్లీ చూపించమన్నారు.

ఇంటికి రాగానే ఈయన, "రేపు షాపు తీస్తా. తువ్వాళ్లు ఉతికి పెట్టు," అన్నారు.

తువ్వాళ్లన్నీ సబ్బునీళ్లలో నానేశాను. ఎండ గోడ దాటింది. నేను గడప మీదే కూర్చున్నాను.

"ఇంకా ఉతకలేదా? రేపటికి ఆరవు కదే!"

"ఆరవు," అన్నాను.